ఆరు జపాన్‌లు, ఒక ట్యాంకరు

భూగోళ ప్రదర్శన పెడతానని మా అక్క ఎవరికీ మాట ఇవ్వలేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ ఆలోచన చెబితే మర్యాదకు "బాగుంది" అని ఒక్క మాట పెట్టింది. పావుగంటలో పన్నెండు మంది దండాలు పెట్టారు, ఇద్దరు పూలగుత్తుల బొమ్మలు పంపారు, ఒకావిడ "మీరు పూనుకోవడం మా అదృష్టమండి" అని రాసింది. అక్క ఫోను నా చేతికిచ్చింది.

"ఏమే, ఇందుల నేనేమన్న చేస్త అన్ననా?"

చదివి చూశాను. అనలేదు. అయినా హాలు ఏ ఆదివారం ఖాళీగా ఉందో కనుక్కోమని ఒకాయన అప్పటికే అక్కకు పని కూడా అప్పజెప్పేశాడు.

ఆ గ్రూపులో ఉన్నవాళ్ళంతా పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలవాళ్ళు. కొండాపూర్ నుంచి బాచుపల్లి దాకా చెదురుమదురుగా ఉంటారు. తల్లిదండ్రుల్లో ముప్పాతిక మంది ఐటీ వాళ్ళే. వారమంతా ఆఫీసులో గడువులు, రేటింగులు, ర్యాంకుల మధ్య బతికి, పిల్లల చెవిన మాత్రం ఆ మూడు మాటలూ పడకూడదని ఒట్టు పెట్టుకున్న మనుషులు. నేనూ ఐటీయే. రాయదుర్గంలో టెస్టింగ్ చేస్తాను. అంటే, ఇంకొకరు కష్టపడి రాసిన దాంట్లో తప్పులు వెతికి చూపించడం. ఇంట్లో ఊరికే చేసే పనికి ఆఫీసువాళ్ళు జీతం ఇస్తున్నారు. పెళ్ళి కాలేదు కాబట్టి కొండాపూర్‌లో అక్కావాళ్ళ మూడో గది నాది.

అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. అందరం పాప అనే అంటాం. పాపను బడి ఎందుకు మాన్పించావని అడిగితే అక్క ఇరవై నిమిషాలు మాట్లాడుతుంది. అందులో బాల్యం, కుతూహలం, స్వేచ్ఛ అనే మాటలు తలా నాలుగు సార్లు వస్తాయి. నాకు తెలిసిన కారణం ఒక అగ్నిపర్వతం. మూడో తరగతిలో నమూనా చేసి తెమ్మన్నారు. అక్క రెండు రోజులు సెలవు పెట్టి, మట్టి తెచ్చి, రంగులేసి, వంటసోడా పోస్తే పొంగేలా స్వయంగా చేసింది. బడిలో దానికి బి గ్రేడు ఇచ్చారు. ఎ గ్రేడు పక్క పిల్లాడి నాన్నకు వచ్చింది. ఆ మరుసటి నెలలోనే అక్కకు మార్కుల వ్యవస్థ మీద నమ్మకం పోయింది.

పాప బడి మానేసిన సంగతి బావ వాళ్ళ నాన్నకు మూడు నెలలు చెప్పలేదు. ఆయన కడప జిల్లాలో హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరైన మనిషి. బావ కూడా ఆయన క్లాసులోనే చదివాడు. క్లాసులో నాన్నా అని పిలవకూడదని ఆరో తరగతి మొదటి రోజే చెప్పారట. అప్పుడు మొదలుపెట్టిన "సార్" బావ నోట్లో అట్లాగే ఉండిపోయింది. పెళ్ళిపందిట్లో కూడా తండ్రి కాళ్ళకు దండం పెట్టి "ఆశీర్వదించండి సార్" అంటే, మా వైపు చుట్టాలు పెళ్ళికొడుకు ఆఫీసులో మేనేజరు అనుకున్నారు. ఇంట్లో మేమందరమూ ఆయన్ను సారు అనే అంటాం.

సారుకు విషయం ఎట్లా తెలిసిందంటే, మంగళవారం పొద్దున పదకొండు గంటలకు పాప వీడియో కాల్ చేసి బాల్కనీలో పావురం గుడ్లు చూపించింది. ఆయన గుడ్ల గురించి ఏమీ అడగలేదు. "ఏమ్మా, బడి లేదా ఈపొద్దు?" అని మాత్రం అడిగారు. ఆ సాయంత్రం బావకు ఫోనొచ్చింది. బావ స్పీకరు పెట్టి, నిలబడి మాట్లాడాడు.

"ఒక యేడాది చూస్తా. యేడాదయినాక నేనే వచ్చి పాప ఏం నేర్చుకునిందో చూస్తా. బాగుంటే సరే. లేదంటే జూన్‌లో బడి. బాచుపల్లిలో నా స్టూడెంటు ప్రిన్సిపాలుగా ఉండాడు. సీటు ఉంచమని చెప్పేసినా."

బావ సరేనని తలూపాడు. ఫోన్లో తలూపితే కనపడదని నేనే గుర్తుచేశాను.

యేడాది గిర్రున తిరిగింది. మార్చిలో సారు ఫోను చేసి ఎప్పుడు రమ్మంటారని అడిగితే, బావ కంగారులో నోటికొచ్చింది చెప్పేశాడు. "జాగ్రఫీ ఫెయిర్ ఉంది సార్, దానికి రండి. పాప చెప్తాది." ఫోను పెట్టేసి మా వైపు చూశాడు.

"సోషల్ సారుకు సోషల్ పరీక్షనే దొరికిందా నీకు చూపెట్టనీకి?" అంది అక్క. "లెక్కలు చూపెట్టొచ్చు కదా."

"లెక్కల్లో అయితే ఇంకా భయం కదా," అన్నాడు బావ.

అట్లా, మర్యాదకు పెట్టిన ఒక "బాగుంది" తిరిగి తిరిగి పాప చదువు మీదికి వచ్చింది. ఏప్రిల్‌లో ఆ ఆదివారం సారు తల అడ్డంగా ఊపితే అక్క యేడాది శ్రమ అయిపోయినట్టే. ఈ యేడాది కోసం ఆమె టీమ్ లీడ్ పదవి వదులుకుని, పాప పక్కన కూర్చుని పనిచేసుకునే చిన్న ఉద్యోగానికి మారింది. పాపకు కూడా విషయం తెలుసు. భయమేస్తోందా అని అడిగాను.

"బడిల నీళ్ళు తాగాలన్నా బెల్లు కొట్టాలె పిన్నీ," అంది. దాహానికి, బెల్లుకు సంబంధం ఏమిటన్నది ఆ పిల్ల ఫిర్యాదు. మా ఆఫీసులో కాఫీకి కూడా అంతే.

ఇక ప్రదర్శన. గ్రూపులో ఒక పెద్ద నియమం ఉంది. పిల్లలు తమకు నచ్చింది ఎంచుకుంటారు; పెద్దలు కాదు అనకూడదు. మామూలు బడిలో అయితే టీచరు చీటీలు తీసి "నువ్వు బ్రెజిల్, నువ్వు ఈజిప్టు, కూర్చో" అంటుంది, రెండు నిమిషాల పని. ఇక్కడ అక్క ఒక ఫారం పంపి, నచ్చిన చోటు రాయమంది. పద్నాలుగు మంది పిల్లలు రాశారు. ఆరుగురు జపాన్ రాశారు. ఇద్దరు ఐస్‌లాండ్. ఒకడు అంటార్కిటికా. ఒకమ్మాయి బ్రెజిల్, ఇంకొకమ్మాయి ఈజిప్టు. ఒకడు డైనోసార్లు ఉన్న కాలం అని రాశాడు. అది చోటు కాదని చెప్పడం కూడా కాదు అనడమే అవుతుంది కాబట్టి ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ళ పిల్ల ఒకతె అమ్మమ్మ ఇల్లు అని రాయించింది. పద్నాలుగోది మా పాప.

జపాన్ సంగతి తేల్చడానికి మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సమావేశం పెట్టారు. ఒకరిద్దరు మార్చుకుంటారేమో అడుగుదామా అని అక్క మెల్లగా అంది. అందరూ నేల చూశారు.

"అడగొచ్చండి," అంది పూలగుత్తులు పంపిన ఆవిడ. "కానీ అడగడం కూడా ఒక ఒత్తిడే కదండి."

"మావాడు జపాన్‌తో బాగా కనెక్ట్ అయిపోయాడండి," అన్నాడు పక్కనే ఉన్న ఒక నాన్న. "మార్కులు, పోటీ, నువ్వు అది చెయ్యి ఇది చెయ్యి, ఇదంతా పిల్లల మీద హింసండి. నేనైతే దాన్ని హింస అనే అంటాను."

సమోసాలు చల్లారుతున్నాయని నేను కల్పించుకున్నాను. "జపాన్‌ల ద్వీపాలు బోలెడున్నయ్ కదా. తలా ఒకటి పంచుకుంటే సరి."

నేను అన్నది వేళాకోళానికి. ఆ గ్రూపులో వేళాకోళం చెయ్యకూడదని నాకు అప్పుడు తెలిసింది. నలభై నిమిషాలు చర్చించారు. పెద్ద ద్వీపం ఎవరికి, చిన్నది వచ్చిన పిల్ల మనసు మీద ఏం ప్రభావం ఉంటుంది, ద్వీపాలకు చీటీలు తీయడం అదృష్టం మీద ఆధారపడటం నేర్పుతుందా. చివరికి ఆరు జపాన్‌లూ అట్లాగే ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించి, చల్లారిన సమోసాలు తిని వెళ్ళిపోయారు. నేను ఒక అట్టముక్క మీద "జపాన్ వీధి" అని రాసి గోడకు అంటించాను. అక్క పీకేయమంది. కానీ అప్పటికే పిల్లలు చూసి నచ్చిందన్నారు, కాబట్టి కాదు అనడానికి లేదు.

పాప ఫారంలో రాసింది "మా ట్యాంకరు" అని.

మా అపార్ట్‌మెంట్‌కు ఎండాకాలంలో రోజుకు నాలుగు నీళ్ళ ట్యాంకర్లు వస్తాయి. పాప బాల్కనీలో కూర్చుని వాటిని చూస్తుంది. మిగతా పిల్లలు రైళ్ళను చూసినట్టు. అక్క ఆ ఫారం చూసి నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"సారు ముంగట ట్యాంకర్ ఏందే? జర నువ్వు చెప్పు దానికి. ఈజిప్టో గీజిప్టో చెయ్యమను."

"కాదు అనొద్దని రూల్ పెట్టింది నువ్వే కదా."

"రూల్ తల్లులకు. పిన్నులకు లేదు."

పోయి ప్రయత్నించాను. పిరమిడ్ల గురించి, మమ్మీల గురించి, చచ్చిపోయిన రాజు ముక్కులోంచి మెదడు ఎట్లా తీసేవాళ్ళో కూడా చెప్పాను. ఏ తొమ్మిదేళ్ళ పిల్లకైనా అది చాలు. పాప అంతా విని, "పిరమిడ్లు కట్టెటోళ్ళకు నీళ్ళు ఎవరు తెచ్చేటోళ్ళు పిన్నీ?" అంది. అక్కతో నా వల్ల కాదని చెప్పేశాను.

శనివారం పొద్దున పాపను స్కూటరెక్కించుకుని, నీళ్ళు దించి వెనక్కి పోతున్న ట్యాంకరు వెంట పడ్డాను. నా జీవితంలో నేను చేసిన ఏకైక ఛేజింగు అది, గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో. పాప వెనక కూర్చుని, నా వీపు మీద అట్ట పెట్టుకుని గీస్తోంది. సిగ్నలు వచ్చినప్పుడల్లా ఒక చుక్క. గొట్టంలో మిగిలిన నీళ్ళు కారినప్పుడల్లా ఒక నీలం గీత. టిఫిన్ సెంటరు దగ్గర డ్రైవరు ఆపి ఇడ్లీ తిన్నాడు. అది కూడా మ్యాపులోకి ఎక్కింది. మియాపూర్ దాటాక ఆయనకు అనుమానం వచ్చి బండి పక్కకు ఆపి దిగాడు.

"ఏందమ్మా, కొండాపూర్ కెళ్ళి ఎన్కనే వస్తున్నరు. ఏమన్న కారుతున్నదా?"

"కారుతున్నది అంకుల్," అంది పాప. "ఆరు జాగలల్ల కారింది. అన్నీ రాసిన."

ఆయన అట్ట తీసుకుని చూశాడు. ఇడ్లీ దగ్గర ఆగాడు. "గిదెందుకు రాసినవ్ బిడ్డా. మీ అపార్ట్‌మెంటోళ్ళు చూస్తే నా పానం తీస్తరు, లేటెందుకయిందని."

"నిజం కదా."

"నిజమే. గందుకే వద్దంటున్న."

ఒప్పందం కుదిరింది. ఇడ్లీ తీసేస్తే మిగతా దారి ఆయనే చెబుతానన్నాడు. బాచుపల్లి దాటి లోపలికి వెళ్ళాక ఒక ప్రహరీ వెనక బోరు చూపించాడు. నాలుగు ట్యాంకర్లు వరసలో ఉన్నాయి. బోరులోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయని పాప అడిగింది.

"భూమిల కెళ్ళి."

"భూమిలకు ఎక్కడికెళ్ళి వస్తయ్?"

"గది బోరేసినోన్ని అడుగు."

బోరు దగ్గరున్న పెద్దాయనను అడిగితే, "నాకేం ఎరుక, మోటరేస్తే వస్తయ్," అన్నాడు. పాప అట్ట మీద దారి చివర ఒక పెద్ద గుండ్రం గీసి, ఖాళీగా వదిలి, లోపల "తెలీదు" అని రాసింది. నాకూ తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు వెనకనుంచి అడిగింది. "పిన్నీ, తాత నన్ను పంపిస్తా అన్న బడి ఇక్కడనేనా?"

"ఇటువైపే."

"అంటే మా నీళ్ళు వచ్చినంత దూరం నేను రోజూ పోవాలా?"

ఏదో ఒక జోకు వేద్దామనుకున్నాను. ట్రాఫిక్ ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకుని ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిదికే క్లబ్‌హౌస్ నిండిపోయింది. మధ్యాహ్నం ఎవరిదో పుట్టినరోజు ఉంది కాబట్టి ఒంటిగంటకల్లా హాలు ఖాళీ చెయ్యాలి. జపాన్ వీధి కళకళలాడుతోంది. ఒక జపాన్ అంతా బుల్లెట్ రైలే, ప్రజలు లేరు. ఒక జపాన్‌లో సుషీ అని పెరుగన్నం ముద్దల్ని నల్ల కాయితంలో చుట్టి పెట్టారు. చెమ్మకు కాయితం రంగు దిగి అన్నం ఊదాగా మారింది. ఒకడి జపాన్‌లో ప్రధానాంశం భూకంపం. వాడు పది నిమిషాలకోసారి బల్ల పట్టుకుని ఊపుతున్నాడు, పక్క జపాన్‌లో పర్వతం పడిపోతోంది, ఆ పిల్ల మళ్ళీ నిలబెట్టుకుంటోంది. ఆరో జపాన్‌లో మనిషి లేడు. వాడికి ఆ రోజు పొద్దున్నే ఆసక్తి పోయిందట, బయట తొండను చూస్తున్నాడు. వాళ్ళమ్మ చార్టు పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరికీ "తను ఇంకా ఆలోచిస్తున్నాడండి" అని చెబుతోంది.

సారు తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగకుండా వచ్చారు. నేరుగా మొదటి జపాన్ దగ్గరికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"రాజధాని?"

రైళ్ళ పిల్లాడు చెప్పాడు.

"మ్యాపులో ఉత్తరం యాడుండాది?"

"ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు తాతయ్యా," అన్నాడు వాడు ఉదారంగా.

సారు మొహంలో ఏదో కదిలింది. చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. ఎర్ర పెన్ను బయటికొచ్చింది. చార్టు మీద ఉత్తరం బాణం గీశారు, సముద్రం పేరు దిద్దారు, మూలన అరవై రెండు వేసి, కింద గీత గీసి, వంద రాశారు. ముప్పై ఏళ్ళ అలవాటు. తను ఏం చేశారో ఆయనకే తెలియదనుకుంటాను.

పూలగుత్తుల ఆవిడ దగ్గరికొచ్చింది. "అండి, మేం ఇక్కడ మార్కులు వెయ్యమండి."

"వెయ్యకపోతే వానికెట్ల తెలుస్తాది తల్లీ?"

ఆవిడ ఏదో అనబోయింది. రైళ్ళ పిల్లాడు మధ్యలో దూరాడు. "వందకా? అరవై రెండు వందకా? మరి వాడికెంత?" అని భూకంపం వైపు చూపించాడు.

అంతే. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మార్కు చూడని పిల్లలు, మా పాప తప్ప మిగతా పదమూడు మందీ, సారు మీద పడ్డారు. చెయ్యి ఒకరు, పంచె ఒకరు పట్టుకున్నారు. తొండను వదిలేసి ఆరో జపాన్ కూడా పరిగెత్తుకొచ్చాడు. భూకంపానికి డెబ్బై ఒకటి వచ్చాయి. అంటార్కిటికా వాడు తనకు యాభై ఎనిమిది ఎందుకో చెప్పమని నిలదీశాడు. ఎక్కడెక్కడ ఎంతెంత తీసేశారో లెక్క అడిగాడు. సారు ముప్పై ఏళ్ళలో మార్కులు వెయ్యడమే తప్ప ఎందుకు వేశారో చెప్పలేదు. అడిగే ధైర్యం కడప జిల్లాలో ఎవరికీ లేదు. ఇప్పుడు పిల్లల కుర్చీ లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే కూర్చుని, మంచు ఖండానికి సరిహద్దు ఎట్లా గీయాలో చెప్పడం మొదలుపెట్టారు. వాడు ఒప్పుకోలేదు. సారు గొంతు పెంచారు. వాడూ పెంచాడు. ఆఖరికి అరవైకి రాజీపడ్డారు. అమ్మమ్మ ఇంటి పిల్లకు తొంభై వచ్చాయి. "పోయే దావ సరిగ్గా పెట్టింది, మలుపులు తప్పు లేవు," అన్నారు.

తల్లిదండ్రులంతా నీళ్ళ క్యాను దగ్గర గుమిగూడి, దీన్ని ఎట్లా ఆపాలా అని చర్చిస్తున్నారు. హింస గురించి మాట్లాడిన నాన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు.

"మావాడికి డెబ్బై ఒకటండి," అన్నాడు. "ఊరికే చెప్తున్నా."

"ఆరు జపాన్లల్ల ఫస్ట్ మీ వాడే," అన్నాను.

"అవునా? అట్లా చూడకూడదులెండి," అని, చార్టు ఫొటో తీసుకోవడానికి వెళ్ళాడు.

మా పాప బల్ల చివర, అందరి తర్వాత. పన్నెండున్నర అయింది. సారు వస్తుంటే అక్క స్తంభం పక్కకు పోయి, సర్దిన కుర్చీలనే మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, క్లాసులో నిలబడినట్టు.

సారు మ్యాపు చాలాసేపు చూశారు. "ఇది ఏ దేశం?"

"దేశం కాదు తాతా. మా ట్యాంకరు వచ్చే తొవ్వ."

"స్కేలు యాడ?"

"లేదు."

"ఎన్ని కిలోమీటర్లు?"

"తెలీదు. పదకొండు సిగ్నళ్ళు."

"సిగ్నలు కొలత కాదు కదమ్మా."

"ట్యాంకర్ అంకుల్ అట్లనే లెక్కపెడ్తడు."

సారు పెన్ను తీశారు. మిగతా పిల్లల దగ్గర మనసులోనే లెక్క వేసుకున్నారు గానీ, సొంత మనవరాలి దగ్గర పక్షపాతం అనిపించుకోకూడదనుకున్నారేమో, పైకి చెబుతూ తీసేయడం మొదలుపెట్టారు. స్కేలు లేదు, ఇరవై. గుర్తులకు వివరం రాయలేదు, పదైదు. కిలోమీటర్లు లేవు, పది. అక్షరదోషాలు, పది. రంగు గీత దాటింది, అయిదు. పైన పేరు పెట్టలేదు, ఇంకో అయిదు.

నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ముప్పై అయిదు మిగిలాయి. పదో తరగతి చదివిన ఎవరికైనా ఆ అంకె తెలుసు. దానికి ఒక్కటి తగ్గితే ఫెయిలు. పెన్ను మొన దారి వెంట జరుగుతూ, కొన దగ్గరున్న ఖాళీ గుండ్రం మీదికి వచ్చి ఆగింది.

"ఇదేంది?"

"బోరు. దాంట్లకు నీళ్ళు ఎక్కడికెళ్ళి వస్తయో తెలీదు. ఇద్దర్ని అడిగిన. వాళ్ళకు కూడా తెలీదు."

"అందుకని తెలీదని రాసినావు."

"మరి ఏం రాయాలె?"

పెన్ను గుండ్రం మీదే ఉంది. నేను స్తంభం వైపు చూశాను. అక్క కుర్చీలు సర్దడం ఆపేసింది. నా నోట్లో రెండు జోకులు తయారుగా ఉన్నాయి, రెండూ మింగేశాను.

సారు తలెత్తి బావ వైపు తిరిగారు. "ఏం రా. నువ్వు నా పేపర్లో ఎప్పుడన్నా తెలీదని రాసినావా?"

"లేదు సార్."

"తెలీకపోతే ఏం రాసేవానివి?"

"నర్మదా నది గురించి రాసేవాణ్ణి సార్. దేనికైనా."

"ఎందుకు?"

"ఏం రాయకుంటే మీరు కొడతారని."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు, పెద్దవాళ్ళే. సారు నవ్వలేదు. ఆ నర్మదా నదికి తను ఎన్ని మార్కులు వేసి ఉంటారో లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు బావనే చూశారు. తర్వాత మ్యాపు మూలకు వంగి, ముప్పై అయిదు వేసి, గీత గీసి, వంద రాసి, పెన్ను మూత పెట్టేశారు.

పాప అంకె చూసింది. ఆ రోజు హాల్లో అందరికంటే తక్కువ అని దానికి అర్థమైంది. ఫెయిలో పాసో మాత్రం తెలియలేదు, ఎందుకంటే ఆ మాటలు మేం ఇంట్లో వాడం.

"ఇది మంచిదా చెడ్డదా తాతా?"

"పాసు."

"పాసయితే ఏమైతది?"

"పై తరగతికి పోతావు."

"పై తరగతి ఎక్కడుంటది?"

సారు మా అక్క ఎక్కడుందో వెతికి చూశారు. "మీ ఇంట్లోనే," అన్నారు. "వచ్చేసారి స్కేలు వేసి పెట్టుండల్ల."

మార్కులు హింస అని నమ్మే గ్రూపులో ముందు వరసలో ఉండే మా అక్క, వందకు ముప్పై అయిదు చూసి ఏడ్చింది. మిగతావాళ్ళు అపార్థం చేసుకుని ఓదార్చడానికి వచ్చారు. "అంకెలదేముందండి, పట్టించుకోకండి," అంది పూలగుత్తుల ఆవిడ, అక్క వీపు నిమురుతూ. మీ పిల్లకెంత అని నేను ఆవిణ్ణి అడిగాను. అరవై ఎనిమిదట. వెంటనే చెప్పింది.

పుట్టినరోజువాళ్ళు బెలూన్లతో వచ్చేసరికి మేం చార్టులు చుట్టి, పర్వతాలు డబ్బాల్లో వేసుకుని పైకి వచ్చేశాం. భోజనాలయ్యాక సారు బాల్కనీలో కూర్చుని బాచుపల్లి ప్రిన్సిపాలుకు ఫోను చేశారు. నేను బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తూ అక్కడే ఉన్నాను. ఆయన వినికిడి కోసం ఫోను శబ్దం పెంచి పెట్టుకుంటారు, అవతలి మాట కూడా వినపడింది.

"ఆ సీటు ఇంకెవరికన్నా ఇచ్చెయ్యప్పా. పాప రాదులే."

"అట్లనే సార్. మీరు చూశారా సార్, పాప బాగా చేసిందా?"

"చూసినా. నేనే పరీక్ష పెట్టినా. పాసయింది."

"సంతోషం సార్. మీ చేతిలో పాసంటే మాటలా. ఎన్ని వచ్చాయి సార్?"

ముప్పై ఏళ్ళు అందరి మార్కులూ క్లాసులో నిలబెట్టి గట్టిగా చదివిన మనిషి, తలుపు వైపు ఒకసారి చూశారు. నేను తడి దుప్పటి వెనక ఉన్నాను, కనపడలేదు.

"మంచి మార్కులే వచ్చినాయిలే," అని ఫోను పెట్టేశారు.